గోరంత పుల్ల, కొండంత పేచీ

యూఎస్‌బీ వైర్‌లెస్ ఎడాప్టరు అంటే ఇప్పుడు ఎవరూ పట్టించుకునే వస్తువు కాదు. గుచ్చుతాం, నెట్ వస్తుంది, మర్చిపోతాం. కానీ 2003, 2004 ప్రాంతంలో దాన్ని లైనక్సు డబ్బాకి గుచ్చినవాళ్లనడగండి, ఒక పూట కథ చెబుతారు. ఆ కథలో నాకు నచ్చే భాగం ఒకటుంది. ఆ పుల్లకి డ్రైవరు ఎవరు రాశారు? అసలు వాళ్లే ఎందుకు రాయాల్సొచ్చింది?

కాస్త వెనక్కి వెళదాం. వైర్‌లెస్ నెట్‌వర్కులకి 802.11 అనే ప్రమాణం 1997లో వచ్చింది. 1999లో వచ్చిన 802.11బి వేగం సెకనుకి 11 మెగాబిట్లు. 1998 నాటి యూఎస్‌బీ 1.1 వేగం 12. ఈడూ జోడూ కుదిరాయి. తరవాత 802.11జి 54 మెగాబిట్లకి వెళ్లేసరికి, 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0 సిద్ధంగా ఉంది. పెట్టె మరలు విప్పి కార్డు బిగించే పని తప్పింది కాబట్టి జనం ఎగబడి కొన్నారు. ఇక్కడ అమెరికాలో మెయిల్-ఇన్ రిబేటు పోగా దాదాపు ఉచితంగా వచ్చిన రోజులున్నాయి. కాకపోతే రిబేటు కోసం అట్టపెట్టె మీద బార్‌కోడు కత్తిరించాక, పనిచేయకపోయినా షాపువాడు వెనక్కి తీసుకోడు!

ఇక అసలు తిరకాసు. పెట్టె మీద పేరు ఒక కంపెనీది, లోపల చిప్పు ఇంకో కంపెనీది. అదే మోడలు 'వెర్షన్ 2' అయ్యేసరికి చిప్పే మారిపోయేది, బొమ్మ మాత్రం మారేది కాదు. కాబట్టి అసలు గుర్తు పెట్టె మీద పేరు కాదు, గుచ్చగానే ఆ పుల్ల తన గురించి చెప్పుకునే రెండు నాలుగంకెల హెక్సాడెసిమల్ సంఖ్యలు: ఒకటి తయారీదారుది, రెండోది వస్తువుది. విండోస్‌లో ఈ సంఖ్యల్ని చూసి ఏ డ్రైవరు ఎక్కించాలో చెప్పేది .ఐఎన్ఎఫ్ ఫైలు, పని చేసేది .ఎస్‌వైఎస్ ఫైలు. రెండూ సీడీలో ఉంటాయి. లైనక్సు వాడుకున్నవాడికి సీడీ లేదు, ఆ చిప్పుతో ఎలా మాట్లాడాలో చెప్పే కాయితమూ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట.

ఎందుకివ్వలేదు? కంపెనీలు చెప్పిన కారణాలు రెండు. ఒకటి వ్యాపార రహస్యం. రెండోది రేడియో చట్టం: ఏ ఛానల్లో, ఎంత శక్తితో ప్రసారం చేయాలన్నది సాఫ్ట్‌వేరు చేతిలో ఉంది. ఆ వేగాల్లో అమెరికాలో వాడేవి 1 నుంచి 11 ఛానళ్లు, యూరప్‌లో 13 దాకా. కోడు బయటపెడితే ఎవడో హద్దు దాటిస్తాడని భయం. రెండో కారణాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ చిప్పు వాడుకోడానికి కావలసిన వివరం కూడా దాచడానికి అది సరిపోదు.

ఈ గోడని మూడు దారుల్లో దాటారు.

మొదటిది దుబాసీ దారి. ఎన్‌డిఐఎస్‌రాపర్ అని ఒక ప్రాజెక్టు. విండోస్ డ్రైవరు ఏ ఫంక్షన్లు అడుగుతుందో వాటిని లైనక్సు కెర్నల్లోనే తయారుచేసి, డ్రైవరుకి తాను విండోస్‌లోనే ఉన్నానన్న భ్రమ కల్పించడం. రాసినవాళ్లు పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని. రెండో ఇంటిపేరు చూడగానే తెలుగువాళ్లకి చెవులు నిక్కబొడుచుకుంటాయి! ఎంతోమందికి ఆనాడు నెట్ వచ్చింది దీని పుణ్యమే. లోటల్లా ఒకటే: లోపల నడిచేది ఇంకా పరాయి బైనరీ. అది కూలితే ఎందుకు కూలిందో చూసే వీల్లేదు. 64 బిట్ల కెర్నల్ వేసుకుంటే 64 బిట్ల విండోస్ డ్రైవరు వెతుక్కోవాలి, అది అందరికీ దొరికేది కాదు.

రెండోది విప్పి చదివే దారి. బ్రాడ్‌కామ్ చిప్పుల విషయంలో (ఇవి ఎక్కువగా ల్యాప్‌టాపుల్లోవి) ఒక జట్టు బైనరీని విప్పి, చిప్పు ఎలా పనిచేస్తుందో రాసిపెట్టింది. బైనరీ మొహం చూడని ఇంకో జట్టు ఆ రాతని బట్టి డ్రైవరు రాసింది. కాపీ కొట్టారని ఎవరూ అనకుండా ఈ మడి. ఆ డ్రైవరు 2006లో లైనక్సు 2.6.17లో చేరింది.

మూడోది అడగడం. రాలింక్, జైడాస్ లాంటి కొన్ని కంపెనీలు సోర్సు ఇచ్చాయి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు రాలింక్ చిప్పులకి రాసిన యూఎస్‌బీ డ్రైవరు 2005లో వచ్చింది. జైడాస్ ఇచ్చిన కోడుని తిరగరాసి 2006లో లైనక్సు 2.6.18లో కలిపారు. యూఎస్‌బీ పుల్ల కొనేవాళ్లు ఆ చిప్పుల పేర్లు కంఠస్థం చేసుకున్నది అందుకే.

గాలి మళ్లింది 2008లో. ఆథెరోస్ తానే ఓపెన్ డ్రైవరు విడుదల చేసింది. 2010లో బ్రాడ్‌కామ్ కూడా కొత్త చిప్పులకి అదే పని చేసింది. 2013లో ఆథెరోస్ యూఎస్‌బీ చిప్పుల ఫర్మ్‌వేర్ సోర్సు సైతం బయటికొచ్చింది. అంతమాత్రాన పేచీ తీరిపోలేదు. రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్పులు కొన్నింటికి కెర్నల్లో చోటు దొరికింది 2023లో, 6.2 వెర్షన్‌లో.

ఇదంతా ఇరవై డాలర్ల ప్లాస్టిక్కు కోసం పంతమా అనిపించొచ్చు. కానీ సీడీలో బైనరీ మాత్రమే ఉన్న పుల్లలు, కంపెనీ మొహం చాటేసిన రోజున చెత్తబుట్టలోకి పోయాయి. వస్తువు పాడవలేదు, దానితో మాట్లాడే భాష తెలిసినవాడు పోయాడు, అంతే. సోర్సు ఉన్నవి మాత్రం కంపెనీ వేరేవాళ్లకి అమ్ముడుపోయాక కూడా పనిచేశాయి. డబ్బిచ్చి కొన్న వస్తువు ఎన్నాళ్లు బతకాలో ఎవరు నిర్ణయించాలన్నదే ఈ పేచీ అంతా. ఇవాళ గుచ్చగానే నెట్ వస్తోందంటే, ఎవరో జీతం లేకుండా ఆ భాష నేర్చుకుని రాసిపెట్టబట్టే.