దుబాయ్ సామానుకు కాలం చెల్లింది

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో మనిషి ఏ గల్ఫ్ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే లెక్క. సౌదీ నుంచి వచ్చినా, కువైట్ నుంచి వచ్చినా అతను తెచ్చింది దుబాయ్ సామానే. ఒకప్పుడు ఆ సామానుకు ఎక్కడలేని గిరాకీ. దాన్ని అమ్మి వీసా అప్పు తీర్చినవాళ్లు, చెల్లె పెళ్లి చేసినవాళ్లు, బోరు వేయించినవాళ్లు ఊరూరా ఉండేవారు. ఆ ఆసరా మెల్లగా కూలిపోయింది.

1973లో చమురు ధరలు పెరిగాక ఎడారి దేశాల్లో పనులు పుట్టుకొచ్చాయి. నిజాంసాగర్ నీళ్లందని మెట్ట ఊళ్ల మగవాళ్లు మీటరుగేజి రైలెక్కి, మన్మాడ్ మీదుగా బొంబాయి చేరి, అక్కడ విమానమెక్కారు. ఆ రోజుల్లో మన దేశంలో విదేశీ ఎలక్ట్రానిక్ సరుకు మీద అడుగడుగునా ఆంక్షలే. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల వేళకు రంగుల టీవీ వచ్చింది. చూడాలన్న ఆశ అందరికీ ఉంది, కొందామంటే సరుకు లేదు. ఆ కొరతే వలస కూలికి రెండో జీతమైంది.

అక్కడి కూలీల్లో కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు పాతది కొన్నారు. రియాద్‌లో హరాజ్ బిన్ ఖాసిం, కువైట్‌లో సూక్ అల్ జుమా అనే శుక్రవారం సంత వాడిన వస్తువులకు పేరుపడ్డవి. సెలవునాడు అక్కడికి వెళ్లి, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ వేసి విని, వెనక స్క్రూలు ఎవరైనా విప్పారేమో వేలితో తడిమి బేరమాడేవారు. తిరుగు ప్రయాణానికి అట్టపెట్టె కట్టడం ఒక పెద్ద పని. రేడియో, క్యాసెట్ కలిసిన టూ ఇన్ వన్‌ను దుప్పట్లో చుట్టి, సందుల్లో చీరలు కుక్కి, నైలాన్ తాడును అడ్డంగా నిలువుగా బిగించి, నాలుగు పక్కలా మార్కర్‌తో పేరు, ఊరు, జిల్లా రాసేవారు. అది ఇంటి ముందు దిగకముందే బేరాలు మొదలు. ‘బావా, టూ ఇన్ వన్ ఎవ్వలికీ చెప్పకు, నాకే కావాలె’ అని చుట్టం ముందే మాట తీసుకునేవాడు.

ఆ అమ్మకం చట్టం నీడలో జరిగేది కాదు. కస్టమ్స్ లెక్కలో ప్రయాణికుడి సామాను సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు. కాబట్టి బిల్లు లేదు, గ్యారంటీ లేదు. అప్పట్లో సౌదీలో చాలా ఇళ్లకు 127 వోల్టుల కరెంటు, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెడితే వస్తువు మాడిపోయేది. కాలిన దానికి ఇక్కడ పార్టు దొరికేది కాదు. ఎడారి ఎండలో కూడబెట్టిన పైసలు, పల్లెలో చుట్టరికం రెండూ ఒక్క స్విచ్చుతో పోయిన ఇళ్లున్నాయి.

దెబ్బల మీద దెబ్బలు పడ్డాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. దాదాపు లక్షా 70 వేల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. ప్రాణాలు దక్కాయి, ఏళ్లపాటు కొనిపెట్టుకున్న సామాను అక్కడే పోయింది. 1991 సంస్కరణల తర్వాత దిగుమతుల తలుపులు తెరుచుకున్నాయి. అదే టీవీ గ్యారంటీ కార్డుతో, వాయిదాల మీద కామారెడ్డి దుకాణంలోనే దొరకసాగింది. దుబాయ్ పెట్టె కోసం కాచుకునే అవసరం తీరింది.

మిగిలిన కాస్త ఆశను నిబంధనలు తుంచాయి. 2013 ఆగస్టు 26 నుంచి ప్రయాణికులు తెచ్చే ఫ్లాట్ టీవీలకు మినహాయింపు తీసేసి 36.05 శాతం సుంకం వేశారు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో, పరదేశంలో ఉండి తిరిగొచ్చేవారికి రాయితీ ఇచ్చే వస్తువుల పట్టికలో వీసీఆర్ ఉండేది, ఫ్యాక్స్ యంత్రం ఉండేది. కూలివాడు నిజంగా వాడుకుని తెచ్చుకునే టీవీ మాత్రం ఉండేది కాదు. 2017 జూన్ ఆఖరున కార్గోలో పంపే కానుకలకు 20 వేల రూపాయల దాకా ఉన్న మినహాయింపూ పోయింది.

చివరి దెబ్బ 2020లో కరోనా కొట్టింది. పనులు ఆగి, రూములు ఖాళీ చేయాల్సి వచ్చింది. మే 7న, చిక్కుకుపోయినవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. మంచం, కూలర్, రైస్ కుక్కర్, టీవీ అమ్ముదామంటే కొనేవాడూ ఇంటిదారి పట్టినవాడే. తెద్దామంటే బ్యాగు బరువుకు పరిమితి. ఏళ్ల కాపురాన్ని రూములోనే వదిలి, బట్టల బ్యాగుతో శంషాబాద్ విమానాశ్రయంలో దిగారు.

ఆ సామాను తెచ్చి అమ్మినవాళ్లు స్మగ్లర్లు కారు. బ్యాంకు అప్పివ్వని చోట, వాన రాని చోట, జీతాన్ని వస్తువుగా మార్చి ఇల్లు నిలబెట్టుకున్న కూలీలు. వలస ముగించుకుని వచ్చే కార్మికుడు తాను వాడుకున్న ఇంటి సామానును, టీవీతో సహా, ఒక్కసారి సుంకం లేకుండా తెచ్చుకోనివ్వాలి. ఆపదలో వెనక్కి పంపించినప్పుడు సామాను తరలింపు ఖర్చును ప్రభుత్వాలు భరించాలి. వాళ్లు పంపిన డబ్బుతో బతికిన జిల్లా మన కామారెడ్డి. ఈ రెండు కోర్కెలనూ ఓటడగడానికి వచ్చే ప్రతి నాయకుడి ముందూ పెట్టడం మన బాధ్యత.