తోకలేని చిట్టెలుక మూగనోము

కంప్యూటరు ముందు కూర్చున్నవాడు మౌసును ఎంత కదిలించినా తెరమీది బాణపు గుర్తు కదలదు. బొత్తాము నొక్కినా ఫలితముండదు. తీగ ఉన్న మౌసు అయితే ముందుగా తీగను తడిమి చూసేవారు. అది ఎక్కడో నలిగి తెగి ఉండేది. తీగ లేని మౌసు మొరాయిస్తే తడిమి చూడడానికి ఏమున్నది? చాలామంది దానిని చెత్తబుట్టలో పడవేసి కొత్తది కొంటారు. అట్లా పడవేసినవాటిలో ఏ రోగమూ లేనివి కూడా ఉంటవి. మౌసు రోగములకు ఒక చరిత్ర ఉన్నది. అది తెలిసినవానికి వైద్యము సగము తెలిసినట్లే.

మౌసు పుట్టినది 1964 లో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థలో. ఊహ డగ్లస్ ఎంగెల్‌బార్టుది. దానికి రూపమిచ్చినవాడు బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు. చేతిలో ఇమిడే కొయ్య దిమ్మ, అడుగున ఒకదానికొకటి లంబముగా రెండు చక్రములు, పైన ఒకే ఒక బొత్తాము. చక్రము తిరిగితే దానికి తగిలించిన విద్యున్నిరోధకము విలువ మారేది. ఆ మార్పును బట్టి తెరమీది గుర్తు జరిగేది. తీగ తోకవలె వేలాడుటచే ఎలుక అనే పేరు వచ్చినది. ఆ పేరు మొదట ఎవరి నోట వెలువడినదో ఎంగెల్‌బార్టుకే జ్ఞాపకము లేదట! 1968 డిసెంబరు 9 న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన దానిని పండితసభ ముందు ప్రదర్శించినాడు. 1970 లో పేటెంటు లభించినది. కాని హక్కు సంస్థది కాబట్టి ఆయనకు రాయల్టీగా చిల్లిగవ్వ దక్కలేదు.

చక్రముల స్థానములో బంతి వచ్చినది. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థ 1968 లోనే బంతి మౌసును వెలువరించినది. జిరాక్సు పరిశోధనాలయమునకు మారిన బిల్ ఇంగ్లిష్ 1972 లో తన బంతి మౌసును తయారుచేసినాడు. బంతి బల్లమీది దుమ్మునంతా లోపలికి మోసుకొనిపోయేది. అది చిన్న ఇరుసులకు చుట్టుకొని గట్టిపడితే గుర్తు తడబడేది. బంతిని ఊడదీసి ఇరుసులను గోటితో గీకితే చాలు, మౌసు మళ్ళీ పరుగెత్తేది. రోగము కంటికి కనిపించేది, మందు వ్రేలికొసనే ఉండేది.

1980 ప్రాంతమున వెలుతురుతో పనిచేసే మౌసులు బయలుదేరినవి. వాటికి గళ్ళు అచ్చువేసిన ప్రత్యేకమైన పలక కావలసివచ్చేది. 1999 నుండి వ్యాప్తికి వచ్చినవాటికి ఆ పలక అక్కరలేదు. వీటి అడుగున ఉన్న చిన్న కన్ను బల్ల ఉపరితలమును సెకనుకు వేయికి పైగా ఛాయాచిత్రములు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఎంత జరిగినదో లెక్కకట్టును. ఆ కంటికి గరుకుదనము కావలెను. నున్నని గాజు బల్లమీద పెట్టితే పోల్చడానికేమీ కనిపించక మౌసు నిలిచిపోవును. క్రింద ఒక కాగితము పరచితే చాలు.

ఇక తోక తెగిన కథ. 1984 లో లాజిటెక్ సంస్థ మెటఫర్ అనే కంప్యూటరు కొరకు తీగలేని మౌసును తయారుచేసినది. అది పరారుణ కిరణములతో వార్త పంపేది. మధ్య ఒక పుస్తకము అడ్డము వచ్చినా వార్త అందేది కాదు. 1991 లో అదే సంస్థ రేడియో తరంగముల మౌసును తెచ్చినది. తరంగములకు పుస్తకము అడ్డు కాదు. తరువాత 27 మెగాహెర్ట్జుల దగ్గర పనిచేసేవి విరివిగా వచ్చినవి. వాటికి ఒకటి రెండు మార్గములే ఉండుటచే ప్రక్క బల్లమీది మౌసుతో పేచీ వచ్చేది. ఈ ఇరుకు తప్పించుకొనుటకు తయారీదారులు 2.4 గిగాహెర్ట్జుల పట్టీకి మారినారు. అక్కడ మార్గములు అనేకము. భారతదేశములో 2005 నుండి ఆ పట్టీలో స్వల్పశక్తి పరికరములకు లైసెన్సు అవసరము లేదు. కాని ఉచిత సత్రమునకు అందరూ వస్తారు కదా! వైఫై, బ్లూటూతు, వంటింటి మైక్రోవేవు పొయ్యి అన్నిటికీ అదే విడిది.

అసలు చిక్కు అనుకోని వైపునుండి వచ్చినది. 2008 నవంబరులో యు.ఎస్.బి. మూడవ ప్రమాణము వెలువడినది. అది సెకనుకు 500 కోట్ల బిట్ల వేగముతో సమాచారము పంపగలదు. కొత్త హార్డుడిస్కు తగిలించగానే మౌసు తడబడుట, కొన్నిచోట్ల పూర్తిగా ఆగిపోవుట కనిపించినది. ఇటువంటప్పుడు బ్యాటరీ మార్చినా, కొత్త మౌసు కొన్నా ప్రయోజనముండదు. 2012 లో ఇంటెల్ సంస్థ ఇంజనీర్లు దీని కారణమును కొలిచి చూపినారు. అంత వేగముగా మారే విద్యుత్‌సంకేతము ఒకే పౌనఃపున్యమున ఉండక, క్రింది నుండి 5 గిగాహెర్ట్జుల వరకు పలుచగా పరుచుకొనును. 2.4 సరిగా దాని మధ్య పడినది. మౌసు శక్తి మిల్లీవాటు పాటిది. దాని రిసీవరును ఆ రంధ్రము ప్రక్కనే గుచ్చితే, తిరునాళ్ళలో గుసగుస వినబోయినట్లే. సంకేతమే రొద కాబట్టి దానిని వడకట్టి పారవేయుటకు వీలు లేదు. లోహపు తొడుగు వేయవలె, లేదా రిసీవరును ఒక పొడిగింపు తీగతో దూరము జరుపవలె. తోక వదిలించుకొన్న ఎలుకకు మళ్ళీ మూరెడు తోక తగిలించినట్లయినది!

ఈ ప్రయోగము ఖర్చు లేనిది గనుక కొత్తది కొనకముందే చేయదగినది. దానికి ముందు బ్యాటరీ సంగతి తేల్చుకొనవలె. అడుగున దీపము వెలిగినంత మాత్రాన బ్యాటరీ మంచిదని అనుకొనరాదు. పాతబడిన ఘటములో అంతర్నిరోధము పెరుగును. రేడియో వార్త పంపేటప్పుడు క్షణకాలము ఎక్కువ విద్యుత్తు కావలసివచ్చి వోల్టేజి పడిపోవును. దీపము వెలుగుచుండగానే మౌసు మూగదగును. క్షార ఘటము కారి లోహపు మొనలపై తెల్లని పొక్కు కట్టి ఉంటే, వినిగరుతో తడిపిన దూదితో తుడిచి ఆరనివ్వవలె.

మరి రెండు మౌసులున్న ఇంట రిసీవరులు తారుమారైనవేమో కూడా చూడవలె. ప్రతి రిసీవరు తన జతగానికి ఇచ్చిన సంఖ్యను మాత్రమే గుర్తించును. రూపములో కవలలైనా మాట కలవదు. చివరకు మౌసునూ రిసీవరునూ కలిపి వేరొక కంప్యూటరుకు తగిలించి చూడవలె. అక్కడ బాణపు గుర్తు పరుగెత్తితే దోషము మొదటి కంప్యూటరులో ఉన్నది.