సత్యవాదిని చూచి నవ్వవచ్చునా?

ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ (1622–1673) 1666వ సంవత్సరమున రెండు ప్రసిద్ధ హాస్యనాటకములను ప్రదర్శించెను. జూన్ 4వ తేదీన పారిస్ నగరమున ఆడబడినది 'మనుష్యద్వేషి'. ఆగస్టులో వచ్చినది బలవంతపు వైద్యుని ప్రహసనము. ఈ రెండవదానిని హిందీలో జి. పి. శ్రీవాస్తవ 'మార్ మార్ కర్ హకీమ్' అను పేర మలచెను. తెలుగున భమిడిపాటి కామేశ్వరరావుగారు (1897–1958) మోలియేర్ నాటకములు కొన్నింటికి మన ఇండ్ల వేషభాషలు తొడిగి నవ్వులు పండించిరి. దెబ్బలకు జడిసి వైద్యుడైనవానిని చూచి నవ్వుటకు ఏ దేశమువారికిని వ్యాఖ్యానము అక్కరలేదు. 'మనుష్యద్వేషి' అట్లు సులభముగా లొంగునది కాదు. అందు నవ్వులపాలగువాడు మోసగాడు కాడు, సత్యవాది.

కథానాయకుడు ఆల్సెస్త్. మనసులో లేని మాట పెదవిపై ఉండరాదని అతని నియమము. ఒరోంత్ అను ప్రభువు తన పద్యమును వినిపించి అభిప్రాయ మడుగును. ఆల్సెస్త్ మొదట మరియొకనికి చెప్పిన మాటగా తన విమర్శను దాచి చెప్పును; ఎదుటివాడు గ్రుచ్చి గ్రుచ్చి అడుగగా తుదకు పద్యము చెడ్డదనును. ఆ తగవు గౌరవవివాదములను విచారించు న్యాయపీఠమువరకు పోవును. మరియొక వ్యాజ్యములో, ఆనాటి ఆచారము ననుసరించి న్యాయాధిపతుల దర్శనమునకు పోనొల్లక ఓడిపోవును. ఇట్టివాడు ప్రేమించినదో, సభలో అందరిని మెప్పించి చాటున అందరిని ఎగతాళిచేయు సెలిమేన్‌ను!

మన ప్రహసన సంప్రదాయము వేరు. వీరేశలింగముగారి ప్రహసనములు కాపట్యమును, దురాచారమును పరిహసించెను. 1892లో ప్రదర్శితమైన 'కన్యాశుల్కము'న గిరీశము వాక్చాతుర్యమే నవ్వునకు గురి. ఋజువర్తనుడైన సౌజన్యారావు పంతులును సైతము మధురవాణి యెదుట నిలిపి గురజాడ చిరునవ్వు పుట్టించెను. కాని నాటకభారమంతయు ఆయనపై మోపలేదు. మోలియేర్ మోపెను. అందుచేతనే రూసో 1758లో, సజ్జనుని హాస్యాస్పదుని చేసినాడని ఆయనను ఆక్షేపించెను.

ఆ యాక్షేపణ బలమైనదే. అయినను ఆల్సెస్త్ పలుకు సత్యమును మోలియేర్ పరిహసింపలేదు. లోకమున తానొక్కడే సత్యవంతుడనుకొను గర్వమును పరిహసించెను. ఆ పాత్రను మొదట ధరించినవాడు ఆయనయే యనుట మరవరాదు.

అనువాదకునికి చిక్కు ఇచటనే. మనకు 'మొగమాటము' అను మాట ఉన్నది. హిందీలో 'లిహాజ్' ఉన్నది. మొగమాటములో కొంత బలహీనత ధ్వనించును. 'లిహాజ్'లో ఎదుటివాని యెడ గౌరవము ధ్వనించును. ఆల్సెస్త్ మిత్రుడైన ఫిలాంత్ మాటలకు మొదటిది వాడిన అతడు పిరికివా డగును. రెండవ దాని భావము చేర్చిన వివేకి యగును. ఒక్క పదముతో నాటకపు తూనిక మారిపోవును.

1907లో స్థాపితమైన ఉక్కు సంస్థ చుట్టును పెరిగి, 1919లో జంషెడ్‌జీ టాటా పేరు దాల్చిన జంషెడ్‌పూరులో తెలుగువారు హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషల నడుమ తరతరములుగా జీవించుచున్నారు. ఇట్టి ఊరిలో మర్యాద అలంకారము కాదు. ఇరుగుపొరుగుల నిలుపు కట్టు. ఇచటి పాఠకునికి ఫిలాంత్ పిరికివాడుగా తోచడు. కాని సాహిత్యసభలో ప్రతి పద్యమునకు చప్పట్లే దక్కునెడల కవి యెన్నటికిని ఎదుగడనుటయు ఇచటివారు ఎరిగినదే. ఆల్సెస్త్ కావలెను, ఫిలాంత్ కావలెను.

నాటకాంతమున సెలిమేన్ ఏకాంతవాసమునకు సమ్మతింపదు. ఆల్సెస్త్ లోకమును విడిచి పోదునని వెడలిపోవును. ఫిలాంత్, ఎలియాంత్‌తో కూడి, అతనిని మరలింప వెంట పోవును. అతడు మరలివచ్చెనో లేదో మోలియేర్ చెప్పలేదు. సత్యవాదిని నొవ్వనాడినవారు పలువురుండగా, అతని వెంట నడచినవాడు మాత్రము ఆ మర్యాదస్థుడే.