రెండు మానిటర్లు, ఒకే బొమ్మ: వాల్‌పేపర్ అతుకు తేడా లేకుండా కుదరాలంటే?

ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ గల్లీల్లో ఏ ఎడిటింగ్ రూమ్ తలుపు తీసినా టేబుల్ మీద కనీసం రెండు మానిటర్లు కనిపిస్తాయి. ఒకదాంట్లో టైమ్‌లైన్, రెండోదాంట్లో ప్రివ్యూ. ఇప్పుడు డీటీపీ సెంటర్లలో, ఇంటి నుంచి పని చేసేవాళ్ల దగ్గర కూడా ఇదే సెటప్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఒకే పెద్ద ఫోటో పరిచేస్తారు. తీరా చూస్తే హీరో కన్ను ఒకచోట, ముక్కు ఇంకోచోట. చార్మినార్ ఫోటో పెడితే మీనార్ అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది.

ఇది సోకు కోసం చేసే పని అనుకోవద్దు. వాల్‌పేపర్ కుదరలేదంటే రెండు స్క్రీన్ల ఎత్తు, సైజు, రంగు ఎక్కడో తేడాగా ఉన్నట్టే. అదే తేడా వల్ల మౌస్ అంచు దగ్గర ఆగిపోతుంది, విండో అటు లాగితే ఒక్కసారిగా చిన్నదో పెద్దదో అవుతుంది. పైసా ఖర్చు లేకుండా సెటప్‌ని చెక్ చేసుకునే సాధనం వాల్‌పేపరే.

అసలు ఎందుకు కుదరదు?

కంప్యూటర్ పిక్సెళ్లలో కొలుస్తుంది, మన కన్ను సెంటీమీటర్లలో కొలుస్తుంది. గొడవంతా ఇక్కడే.

రెండు మానిటర్లూ ఒకే మోడల్ అయితే ఇబ్బంది తక్కువ. ఒకటి 24 అంగుళాలు (1920×1080), ఇంకొకటి 27 అంగుళాలు (2560×1440) అనుకోండి. చిన్నదాని వెడల్పు సుమారు 53.1 సెంటీమీటర్లు, అంటే సెంటీమీటరుకు 36 పిక్సెళ్లు. పెద్దదాని వెడల్పు 59.8 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు దాదాపు 43 పిక్సెళ్లు. రెండింటి అడుగు భాగం సమానంగా పెట్టి ఒకే ఫోటో పరిస్తే, చిన్న స్క్రీన్‌లో అడుగు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న గీత పెద్ద స్క్రీన్‌లోకి వచ్చేసరికి 12.6 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. అంటే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు కిందికి జారిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో మానిటర్ తెచ్చుకునేటప్పుడు అంగుళాలతో పాటు రిజల్యూషన్ కూడా అడగాలి అనేది ఇందుకే.

ముందు టేబుల్, తర్వాత సెట్టింగ్స్

మొదట స్టాండ్లు సరిచేసి రెండు స్క్రీన్ల అడుగు అంచులు ఒకే ఎత్తుకు తేవాలి. ఒక పొడవాటి చెక్క స్కేలు గానీ, దారం గానీ అడ్డంగా పట్టి చూస్తే చాలు.

తర్వాత విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే లోకి వెళ్లండి. ఐడెంటిఫై నొక్కితే ఏ మానిటర్ ఏ నెంబరో స్క్రీన్ మీద కనిపిస్తుంది. అక్కడి రెండు డబ్బాలనూ మౌస్‌తో లాగి, టేబుల్ మీద ఎలా ఉన్నాయో అలాగే పెట్టి అప్లై చేయండి. ఎడమది ఎడమ పక్కన, అడుగులు సమానంగా ఉండాలి. మౌస్ దారి, పరిచిన వాల్‌పేపర్ రెండూ ఈ అమరిక ప్రకారమే నడుస్తాయి.

రెండూ ఒకే మోడల్ అయితే

పర్సనలైజేషన్‌లో బ్యాక్‌గ్రౌండ్ తెరిచి, ఫిట్ అన్న చోట స్పాన్ ఎంచుకోండి. ఈ ఆప్షన్ విండోస్ 8తో, అంటే 2012లో వచ్చింది. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లకు 3840×1080 సైజు ఫోటో సరిపోతుంది.

ఇంకో చిక్కు మిగులుతుంది. రెండు స్క్రీన్ల మధ్య ప్లాస్టిక్ అంచులు ఉంటాయి. వాటికి చోటు వదలకపోతే అడ్డగీతలు బాగానే కలుస్తాయి, ఏటవాలు గీతలు మాత్రం తప్పుతాయి. కిటికీ కమ్మీ వెనక చెట్టు కొమ్మ ఎలా దాగుతుందో, ఫోటోలో కొంత భాగం అంచుల వెనక అలా దాగాలి. రెండు అంచులూ కలిపి 2 సెంటీమీటర్లు ఉంటే, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అది 72 పిక్సెళ్లు. కాబట్టి ఫోటోను 3912×1080 సైజులో చేసుకుని, మధ్యలోని 72 పిక్సెళ్లు తీసేసి, మిగతా రెండు ముక్కలను కలిపి సేవ్ చేయండి. స్పాన్ పెడితే అతుకు కుదురుతుంది.

సైజులు వేరైతే

ఇక్కడ స్పాన్ పనికిరాదు. ఒకే ఫోటోను రెండు ఫైళ్లుగా కోసుకోవాలి. పైన చెప్పిన 24, 27 అంగుళాల జతకు లెక్క ఇది:

1. అసలు ఫోటోను 4921×1440 సైజుకు తెచ్చుకోండి.
2. కుడి వైపు నుంచి 2560×1440 ముక్క కోయండి. అది పెద్ద మానిటర్‌కు.
3. దాని పక్కన 86 పిక్సెళ్లు వదిలేయండి. అది అంచుల వాటా, సుమారు 2 సెంటీమీటర్లు.
4. మిగిలిన ఎడమ భాగంలో, అడుగు నుంచి 2275×1280 ముక్క కోసి 1920×1080కి తగ్గించండి. అది చిన్న మానిటర్‌కు.

పెద్ద మానిటర్ ఎడమ వైపున ఉంటే కుడి ఎడమలు మార్చుకోవాలి. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ పేజీలో ఫిట్‌ని ఫిల్‌కి మార్చి, ఒక్కో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ఏది ఏ మానిటర్‌కో చెప్పండి. మ్యాక్‌లో స్పాన్ లాంటి ఆప్షన్ లేదు, ఒక్కో డిస్‌ప్లేకు వేరే ఫోటో ఇవ్వాలి. కాబట్టి అక్కడ కూడా ఈ కోత పద్ధతే. రోజూ ఫోటో మార్చేవాళ్లకు డిస్‌ప్లేఫ్యూజన్, సూపర్‌పేపర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనిలో సాయపడతాయి.

ఎలాంటి ఫోటో ఎంచుకోవాలి?

మన సినిమా వాళ్లకు ఈ అతుకు గొడవ కొత్త కాదు. పెద్ద వాల్ పోస్టర్ ఒకే కాగితం మీద రాదు, షీట్లుగా వస్తుంది. మైదా లై పూసి అంటించేవాళ్లు హీరో మొహం షీటుకూ షీటుకూ మధ్య తేడా రాకుండా చూసుకోవాల్సిందే. అమెరికాలో 1952 సెప్టెంబర్ 30న మొదలైన సినెరామా పద్ధతిలో మూడు ప్రొజెక్టర్లతో ఒకే వెడల్పాటి తెర మీద బొమ్మ వేసేవారు. అతుకులు కనిపించేవి. అందుకే తీసేటప్పుడే ఆ చోట చెట్టో స్తంభమో వచ్చేలా చూసుకునేవారు. మనకూ అదే సూత్రం: అతుకు దగ్గర మొహం ఉండకూడదు. ఆకాశం, గోడ, చెట్టు అయితే ఫర్వాలేదు.

సినిమా స్టిల్ పెట్టాలనుకుంటే కొలత చూసుకోండి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. ఆ స్కోప్ ఫ్రేమ్ ఎత్తుకు సుమారు 2.35 రెట్లు వెడల్పు ఉంటుంది. పక్కపక్కన పెట్టిన రెండు మామూలు మానిటర్లు కలిపితే మూడున్నర రెట్లు దాటుతుంది. అంటే స్కోప్ స్టిల్‌ని నిండా పరిస్తే పైనా కిందా కలిపి మూడో వంతు పోతుంది. తల తెగిందని తర్వాత అనుకోకుండా ముందే చూసుకోవాలి.

అక్షరాలు ఉంటే మరీ జాగ్రత్త. ఉర్దూ నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఒకదానికొకటి అల్లుకుని కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతాయి. మాట మధ్యలో అంచు పడితే చదవడమే కష్టం. తెలుగులోనూ ఒత్తు ఒక స్క్రీన్‌లో, అక్షరం ఇంకో స్క్రీన్‌లో పడితే అంతే. ఏ రాతైనా పూర్తిగా ఒకే స్క్రీన్‌లో ఉంచండి.

పని చేసే చోట ఇవి మరవద్దు

ఫోటో కుదిరాక ఆకాశం రంగు చూడండి. ఒక మానిటర్‌లో నీలం, ఇంకోదాంట్లో పచ్చ తిరిగినట్టు ఉంటే బ్రైట్‌నెస్, కలర్ టెంపరేచర్ రెండింటిలోనూ ఒకేలా పెట్టండి. రెండింటిలోనూ 6500కె ఎంచుకోవడం మంచి మొదలు. కలర్ గ్రేడింగ్ చేసేవాళ్లు మాత్రం ఫోటోలన్నీ పక్కన పెట్టి, రెండింటి మీదా మామూలు బూడిద రంగు వేసుకోవడమే మేలు. చుట్టూ ఎర్రటి ఫోటో ఉంటే కన్ను మోసపోయి షాట్ రంగు తప్పు చూపిస్తుంది.

ఇంకో మాట. విడుదల కాని సినిమా స్టిల్‌ని వాల్‌పేపర్‌గా పెట్టొద్దు. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే చాలా భాగం బయటికి వచ్చి పెద్ద గొడవైంది. అది వాల్‌పేపర్ వల్ల కాదు, నిజమే. కానీ ఎడిటింగ్ రూమ్‌లో ఎవరో తీసుకున్న ఒక్క సెల్ఫీలో వెనక స్క్రీన్ మీద హీరో గెటప్ పడితే చాలు, అది సాయంత్రానికి అందరి ఫోన్లలోకీ చేరుతుంది. అప్పుడు పోయేది అసిస్టెంట్ ఉద్యోగమే.

చివరిగా ఒక పరీక్ష. ఖాళీ ఫోటో మీద ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా గీత గీసి, మీ ఫోటో కోసిన కొలతలతోనే దాన్నీ కోసి పెట్టండి. స్కేలు ఆ గీత మీద ఆనించి చూడండి. అంచు దాటాక కూడా గీత స్కేలు వెంటే పోతే మీ రెండు స్క్రీన్లూ కుదిరినట్టే. పక్కకు తప్పితే అంచుల లెక్క మళ్లీ కొలవండి. కిందికో పైకో జారితే స్టాండు చూడండి.