పాత మోటారుసైకిలు: లోహభాగముల జీర్ణోద్ధరణము

దేవాలయమునకు జీర్ణోద్ధరణము చేయించునపుడు శిథిలమైన రాతిని మార్చెదరు గాని, శాసనమున్న రాతిని ముట్టరు. బిజినేపల్లి చెంతనున్న నందివడ్డెమాన్ ఆలయములను చూచిన పెద్దలకు ఈ మాట క్రొత్త గాదు. పాత మోటారుసైకిలునకును ఆ ధర్మమే చెల్లునని మనవి చేయుచున్నాను.

బుల్లెట్టను పేరు 1932 లో ఇంగ్లండునందలి రెడ్డిచ్ పట్టణపు కర్మాగారమున పుట్టినది. ఆ యేడే నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. 1955 లో మదరాసునందు బుల్లెట్టును కూర్చు పని మొదలైనది. రెడ్డిచ్ కర్మాగారము 1967 లో మూతపడినను ఇచ్చట బుల్లెట్టు నిలిచినది. కావున దాని పూర్వరూపమును కాపాడు భారము మనవారిపై బడినది.

తొలినాటి బండ్లలో మెరయు భాగములకు నికెలు పూత యుండెడిది. క్రోమియపు పూత 1930 ప్రాంతమున గాని వ్యాపింపలేదు. 1925 నాటి బండికి క్రోమియము వేయించుట కాకతీయుల నాటి స్తంభమునకు సిమెంటు పూయుట వంటిది. చట్రమునకు నల్లని ఎనామెలు పూసి, వేడిగదులలో కాల్చి గట్టిపరచెడివారు. 1906 లో కాస్లెట్టను ఆంగ్లేయుడు ఇనుమునకు భాస్వరపు పొర పట్టించి తుప్పు నాపు విధానమును కనిపెట్టెను. ఢిల్లీ ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లు నిలుచుటకును అందలి భాస్వరమే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఇక పని క్రమము. ముందుగా మరుగుచోట పాత రంగును పొరపొరగా గీచి చూడవలెను. అడుగుపొర కర్మాగారపు రంగును తెలుపును. తుప్పు తీయుటకు ఆమ్లమున ముంచినచో, బాగుగా కడిగి, ఆరబెట్టి, వెంటనే ప్రైమరు పూయవలెను. లేనిచో క్రొత్త రంగు క్రిందనే తుప్పు మరల పుట్టును. సొట్టలను సుత్తితో సరిచేయుట మేలు. పుట్టీ నింపుట కడపటి ఉపాయము. చట్రమునందలి బీటను పుట్టీతో కప్పి రంగు వేయువాడు, దానినెక్కువాని ప్రాణమునకే ముప్పు తెచ్చును. పెట్రోలు ట్యాంకు ఖాళీ యైనను లోన ఆవిరి నిలుచును; శుద్ధి చేయక వెల్డింగు చేసినచో పేలును.

ట్యాంకుపైని బంగారు గీతలను కుంచెతో, చేతితోనే దిద్దుట మదరాసు పనివారి సంప్రదాయము. వానిలో వెంట్రుకవాసి వంపు కనబడినచో దోషమని తలంపరాదు. అది మనుజుని చేవ్రాలు.

చట్రముపైని, ఇంజనుపైని కొట్టిన అంకెలే ఆ బండికి శాసనములు. సానపట్టి వానిని చెరిపినచో బండి పుట్టుక తెలియకపోవును. చట్టముతోడి చిక్కులును వచ్చును.

మీ యింటి కొట్టమునందు తాతలనాటి బండి యున్నచో, పాత ఇనుమువానికి తూకమున కమ్మకముందు, దుమ్ము తుడిచి ఆ అంకెలను ఒకమారు చదువుడు.