బ్రౌజరుల వేషభాషలు

రేడియో ప్రసారమును వినువారి యింట ఏ యంత్రమున్నదో ప్రసార కేంద్రమునకు తెలియదు. తరంగము వెలువడును, దానిని హాలులోని పెద్ద వాల్వు సెట్టు అందుకొన్నను, జేబులో పట్టు ట్రాన్సిస్టరు అందుకొన్నను కేంద్రమునకు ఒక్కటే. ఈ తెలియకపోవుటలో ఒక సమత్వము కలదని ప్రసార వృత్తిలో నున్న మేము భావించుచుందుము. వెబ్బు పద్ధతి వేరు. అచట చదువరి యంత్రము ముందుగా పుటను అడుగవలెను. అడుగునపుడు తన పేరు చెప్పుకొనుట ఆచారము. అడిగినది బల్లమీది కంప్యూటరా, చేతిలోని ఫోనా యని ఆవలి సర్వరు విచారించును. నడుమ నున్న టెలిఫోను సంస్థయు విచారించును. ఈ విచారణకు ముప్పది యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో నిజము చెప్పినవారికంటె వేషము వేసినవారే యెక్కువ.

పేరు తెలుపు పంక్తిని ‘యూజర్ ఏజెంట్’ అందురు. 1996 మే నెలలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.0 పత్రము దీనికి మూడు ప్రయోజనములు చెప్పినది: లెక్కలు కట్టుట, నియమము తప్పిన ప్రోగ్రామును పట్టుకొనుట, అడిగిన ప్రోగ్రామునకు తగినట్లు జవాబును సవరించుట. చదువుటకు మూడును సాధువులే. చిక్కు తెచ్చినది మాత్రము మూడవది.

1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునందలి ఎన్.సి.ఎస్.ఏ. కేంద్రమునుండి మొజాయిక్ అను బ్రౌజరు వెలువడెను. దానిని వ్రాసినవారిలో ఒకరైన మార్క్ ఆండ్రీసన్ మరుసటి యేడు జిమ్ క్లార్కుతో కలిసి నెట్‌స్కేప్ సంస్థను నెలకొల్పెను. వారి బ్రౌజరు లోపలి పేరు ‘మొజిల్లా’. మొజాయిక్‌ను మ్రింగవచ్చిన గాడ్జిల్లా యని వారి చమత్కారము. దాని రెండవ కూర్పుతో ఒకే తెరను పలు భాగములుగ విడదీయు ‘ఫ్రేములు’ వచ్చినవి. సర్వరులు నడుపువారు పేరు చూచి, మొజిల్లా యన్నదానికి ఫ్రేముల పుటలను, తక్కినవానికి బోడి పుటలను పంపసాగిరి. మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఆ విద్య నేర్చినను, పేరు వేరైనచో దక్కునది బోడి పుటయే. అందుచే అదియు తాను ‘మొజిల్లా’నే యని చెప్పుకొనెను, పిమ్మట బ్రాకెట్లలో ‘కంపాటిబుల్’ అను మాట చేర్చి, దాని చాటున తన అసలు పేరు పెట్టెను.

నెట్‌స్కేప్ క్షీణించెను గాని ఆ పేరు క్షీణింపలేదు. దాని వారసులు ‘గెకో’ యను కొత్త యంత్రాంగమును నిర్మించిరి. కె.హెచ్.టి.ఎం.ఎల్. అను మరియొక యంత్రాంగము తాను ‘గెకో వంటిదానను’ అని చెప్పుకొనెను. 2003లో దానిపై కట్టబడిన ఆపిల్ వారి సఫారి ఆ మాటనే నిలుపుకొనెను. 2008లో వచ్చిన గూగులువారి క్రోము సఫారి పేరును గూడ తగిలించుకొనెను. చివరకు 2013లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు పదునొకండవ కూర్పు తన పాత గుర్తును విడిచి ‘గెకో వంటిదానను’ అనెను! ప్రవర చెప్పుకొనువాడు తన వంశ ఋషుల పేర్లు చెప్పును. క్రోము ప్రవరలో పొరుగువారి పేర్లన్నియు వినవచ్చును. నవ్వు వచ్చు మాటయే గాని, ఈ బొంకులలో ఒక్కటియు చదువరిని మోసగించుటకు పుట్టినది కాదు. పేరు చూచి పెట్టువాని పంక్తిలో తన చదువరికి పూర్తి విస్తరి దక్కించుటకే పుట్టినవి.

ఫోనులు వచ్చినపిదప ఈ పంక్తిభేదము తీవ్రమయ్యెను. 2007 నాటి ఐఫోను తన పంక్తిలో ‘మొబైల్’ అను మాట ఉంచెను. ఆండ్రాయిడ్ ఫోనులు ఆ మాటను ఉంచవలెననియు, పలకవంటి ట్యాబ్లెట్లు మానవలెననియు గూగులువారు సూచించిరి. ఒక్క మాట ఉండుట, లేకుండుట. అంతలోనే పుట మారిపోవును. చాల సంస్థలు ‘మొబైల్’ కనబడగనే చదువరిని వేరు చిరునామాకు మళ్లించి, సగము విషయము తీసివేసిన చిన్న పుటను చేతిలో పెట్టెడివి. ఇంట కంప్యూటరున్నవానికి ఇది కొద్దిపాటి చికాకు. ఫోనే తొలి కంప్యూటరును, ఏకైక కంప్యూటరును అయిన మన దేశపు కోట్లమందికి, తీసివేయబడిన ఆ సగము ఇక లేనట్లే.

తెలుగువారికి ఈ కథలో ఒక సొంత అధ్యాయము కలదు. 2006లో లోకమంతటికి అందిన ఒపేరా మినీ అను బ్రౌజరు పుటను నేరుగ తెచ్చెడిది కాదు. ఒపేరావారి సర్వరు పుటను తెచ్చి, కుదించి, ఫోనునకు పంపెడిది. అందుచే వెబ్ సర్వరునకు తలుపు తట్టినది ఒపేరావారి కంప్యూటరే. అసలు ఫోను పేరు వేరొక పంక్తిలో చీటీవలె వచ్చెడిది. నాటి మీటల ఫోనులు పెక్కింటిలో తెలుగు అక్షరములు లేవు. తెరనిండ ఖాళీ డబ్బాలే. ఒపేరా మినీ లోపలి అమరికల పుటలో మాత్రము, సంక్లిష్ట లిపులను బొమ్మలుగ పంపుమని కోరు ఒక వరుస ఉండెడిది. దానిని ‘ఎస్’ అని మార్చినచో సర్వరు తెలుగును బొమ్మలుగ గీసి పంపెడిది. ఫోను తెలుగు నేర్వలేదు; తెలుగు వచ్చినవాడు ఆవలియొడ్డున కూర్చుండి వ్రాసి పంపుచుండెను.

ఇంతవరకు పేరు బహిరంగముగ సాగినది, దారిలోనివారెల్లరు చదువగలిగిరి. హెచ్.టి.టి.పి.ఎస్. వ్యాపించుటతో ఆ పంక్తి గుప్తలిపిలోనికి పోయెను. అప్పుడు నడుమనున్నవారు మాట మాని నడకను గమనింపసాగిరి. ఇది రేడియోవారికి కొత్త విద్య కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున శత్రువుల మోర్సు సందేశములు వినుచు కూర్చున్నవారు అర్థము తెలియకున్నను, మీట నొక్కు తీరునుబట్టి ఆవలి ఆపరేటరును ఆనవాలు పట్టెడివారు.

ప్రతి ప్యాకెట్టుమీద దాని ఆయువును తెలుపు అంకె యొకటి ఉండును. దారిలో ఒక్కొక్క రౌటరు దాటినకొలది ఒకటి తగ్గును. విండోసు యంత్రము సాధారణముగ 128తోను, ఆండ్రాయిడును ఆపిలును 64తోను మొదలుపెట్టును. ఫోను స్వయముగ పంపిన ప్యాకెట్టు టెలిఫోను సంస్థ తొలి ద్వారమున 64తో నిలుచును. ఆ ఫోను హాట్‌స్పాటునుండి లాప్‌టాపు పంపినదైనచో 63గానో 127గానో కనబడును. కొన్ని దేశములలోని సంస్థలు ఈ ఒక్క అంకె తరుగును చూచి, హాట్‌స్పాటు వాడువారిని వేరుచేసినవి. కొన్న డేటాను ఏ తెరపై చదివిన వారికేమని మా ప్రశ్న.

మరియొక ఆనవాలు గుప్త సంభాషణకు ముందుండు పలకరింపు. తనకు ఏ గుప్తలిపులు తెలియునో బ్రౌజరు వరుసగ చెప్పు ఆ తొలి మాట బాహాటముగనే పోవును. 2017లో సేల్స్‌ఫోర్స్ సంస్థలోని ముగ్గురు, జాన్ ఆల్‌థౌస్, జెఫ్ ఆట్కిన్సన్, జోష్ ఆట్కిన్స్, ఆ వరుసను 32 అక్షరముల ముద్రగ మార్చు పద్ధతిని వెలువరించి, తమ పొడి అక్షరములతో ‘జె.ఏ.3’ అని పేరిడిరి. క్రోమునని చెప్పుకొను పైథాన్ ప్రోగ్రామును ఇది ఇట్టే పట్టును. అది మెచ్చదగిన ఉపయోగము. కాని ఫోనును కంప్యూటరును విడదీయుట దీనికి సులభము కాదు. క్రోము పలకరింపు రెండింటను ఇంచుమించు ఒక్కటే. దానికి 128 తోడైనచో విండోసు అనవచ్చును. 64 తోడైనచో ఆండ్రాయిడా, మాకింటోషా అని సందేహమే.

బ్రౌజరులు ఊరకుండలేదు. గూగులులోని డేవిడ్ బెంజమిన్ ప్రతిపాదనను అనుసరించి క్రోము తన వరుసలో అర్థములేని అంకెలను చల్లసాగెను. 2020లో అది పత్రముగ వెలువడెను. వాని ముఖ్యోద్దేశము నడుమ యంత్రములు కొత్తదానిని చూచి బెదరకుండ అలవాటుచేయుట. 2023లో క్రోము ఆ పలకరింపులోని అనుబంధముల వరుసనే ప్రతిసారియు కలిపివేయుటతో పాత ముద్రలు పనికిరాకపోయెను. ఆ యేడే వచ్చిన ‘జె.ఏ.4’ ముందు వానిని అక్షరక్రమమున పేర్చుకొని పిదప ముద్ర వేయును. ఎత్తుకు పైఎత్తు!

పేరు పంక్తియు కుదింపబడెను. 2023నుండి ఆండ్రాయిడ్ క్రోము, ఫోను ఏదైనను, ‘ఆండ్రాయిడ్ 10, కె’ అనియే చెప్పును. అయినను ‘మొబైలా, కాదా’ అను ప్రశ్నకు జవాబు మాత్రము ప్రత్యేకమైన పంక్తిలో, అడుగకుండనే, పోవుచున్నది. ఆపిల్ వారి ఐపాడు మరొక దారి పట్టినది. 2019నుండి దాని సఫారి తాను మాకింటోషునని చెప్పుకొనుచున్నది. పెద్ద పుటయే పొందుచున్నది. దానిని పట్టుకొనదలచిన పుటలు, తెరపై ఒకేసారి ఎన్ని వ్రేళ్ల స్పర్శను గుర్తింపగలవని లోపలనుండి మెల్లగ అడుగుచున్నవి. మాకింటోషు సున్న అనును. ఐపాడు అయిదు అనును.