బండిపొగకు వెల యెవరిత్తురు?

శ్రీముఖలింగమే గాంగరాజుల కళింగనగరమని నిరూపించిన గిడుగు రామమూర్తిగారు పరిశోధన మారంభించిన నాళ్లలో, అచ్చటికి బోవువారికి కాలినడకయు నెడ్లబండియునే దిక్కు. (వారి వ్యావహారిక భాషావాదము నాకు రుచింపకున్నను, ఆ శాసన పరిశ్రమకు చేతులెత్తి మ్రొక్కెదను.) 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడానుండి తమ పట్టణమునకు రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలపై చిన్నరైలు నడిపించిరి. 1931 నాటి కది గుణుపురము చేరెను. 2004లో నిలిచి, పిమ్మట పెద్దపట్టాలకు చోటిచ్చెను.

ఆవిరియింజను నిప్పురవ్వలు చిమ్మును. పిగూ అను కేంబ్రిడ్జి అర్థశాస్త్రజ్ఞుడు 1920లో ప్రకటించిన గ్రంథమున నీ రవ్వలనే యుదాహరించెను. ప్రయాణికుడు టిక్కెట్టు కొనును, కంపెనీ బొగ్గు కొనును. రవ్వపడి కాలిన తోట నష్టము మాత్ర మెవరి పద్దులోను జేరదు. తోటవాడు మిన్నకుండి భరింపవలసినదే.

రవ్వ కంటికి గనబడును. బొగ్గుపులుసు గాలి కనబడదు. అది పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడను దేశపు అర్హీనియస్ 1896లోనే గణించెను. లీటరు పెట్రోలు కాలినచో నీ వాయువు రమారమి 2.3 కిలోలు పుట్టును, డీజిలుకు 2.7 కిలోలు. సముద్రము వేడెక్కినకొలది తుపాను వాన బలియును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు కూలినవి, వంశధార పొంగినది. ఒక తుపాను నొక బండికి అంటగట్టుట న్యాయము గాదు. కాని కొబ్బరిచెట్టు మరల కాపుకు వచ్చుటకు పట్టు నేండ్లను రైతే లెక్కపెట్టుకొనవలెను గదా!

ఈ నష్టమునకు వెలకట్టు ప్రయత్నములు జరిగినవి. అమెరికా ప్రభుత్వము 2021లో టన్నుకు 51 డాలర్లనెను. 2023లో అచ్చటి పర్యావరణ సంస్థ 190 అనెను. ఇంత భేదమేల? రాబోవు తరముల నష్టమును నేటి సొమ్ములో నెంత తగ్గించి లెక్కింపవలెనన్నదే ముఖ్యమైన తగవు. మనుమల కష్టమును తాత యెంత తూచునో, అంత ధర.

డాలరు 85 రూపాయలనుకొని పెద్దవెలనే గొన్నచో, కిలో వాయువునకు 16 రూపాయలు. శ్రీకాకుళమునుండి ముఖలింగమునకు సుమారు 46 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారులో నొంటిగా వచ్చువాడు 7 కిలోల వాయువు విడుచును. అనగా 112 రూపాయలు పరులపై మోపును. నలువది మందితో, లీటరుకు 4 కిలోమీటర్లు నడచు బస్సులో నైనచో తలకు 12 రూపాయలే. ఇరువు రెక్కిన మోటారుసైకిలు ఇంచుమించు బస్సుతో సరితూగును! అదే కారున నలుగు రెక్కినచో తలకు 28. కావున బండి జాతి యొక్కటే గాదు, అందు కూర్చున్నవారి సంఖ్యయు జూడవలెను.

ఎడ్లబండి నిర్దోషి యందురా? నెమరువేయు నెద్దు త్రేన్పులో మీథేను కలదు. విద్యుత్తు ఆటోకు పొగగొట్టమే లేదు. అయినను మన దేశపు విద్యుత్తులో నధికభాగము బొగ్గునుండి పుట్టుచుండుటచే, దాని పద్దును పరవాడలోని సింహాద్రి విద్యుత్కేంద్రపు పొగగొట్టములవంటి వాని యొద్ద వ్రాసికొనవలెను.